అన్యాయం అంటే ఏంటి, ఎక్కడ ఎలా వాడాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

రోజుకి పదిసార్లు వాడే మాటే, కానీ ఎవరైనా ఆపి అర్థం చెప్పమంటే నోరు తిరగదు. పిల్లలకి తెలుగు నేర్పేవాళ్ళు, అనువాదాలు చేసేవాళ్ళు, అర్జీ రాయడానికి కూర్చున్నవాళ్ళు ఎక్కువగా అడిగేవి ఇవే కాబట్టి అన్నీ ఒకచోట పెడుతున్నా. వరుస క్రమం ఏమీ లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి.

అన్యాయం అంటే ఒక్క ముక్కలో ఏంటి?

రావాల్సింది రాకపోవడం, లేదా పడకూడనిది మీద పడటం. అంతకంటే గుండ్రంగా చెప్పడం నాకు రాదు. పని చేసినవాడికి పేరు రాకపోతే అన్యాయం, పని చెడగొట్టని వాడి మీద నింద పడితే అది కూడా అన్యాయమే. ఇక్కడ ఒకటి గమనించండి, దెబ్బ తగిలితే అన్యాయం అయిపోదు, ఓడిపోతే అన్యాయం అయిపోదు. సరిగ్గా ఆడి ఓడినవాడు "అన్యాయం" అంటే పక్కవాళ్ళు నవ్వుతారు, అదే అవుట్ కాకుండానే అవుట్ ఇస్తే మాత్రం ఊరంతా వాడి పక్కనే నిలబడుతుంది. అంటే ఈ మాట వెనక ఎప్పుడూ ఒక లెక్క ఉంటుంది, ఎవరికి ఏం రావాలి అనే లెక్క, ఆ లెక్క తప్పినప్పుడే నోట్లోంచి ఈ మాట వస్తుంది.

మాట ఎలా పుట్టింది? అన్ + యాయం అనుకోవచ్చా?

వద్దు, అలా విడగొడితే మిగిలిన "యాయం"కి అర్థం లేదు. అ + న్యాయం, అంతే. సంస్కృతంలో "కాదు, లేదు" అని చెప్పే ముందుమాట హల్లు ముందు వస్తే "అ" అవుతుంది, అచ్చు ముందు వస్తే "అన్" అవుతుంది. క్రమం కానిది అక్రమం, ధర్మం కానిది అధర్మం, కానీ ఆదరం లేకపోతే అనాదరం, ఉచితం కాకపోతే అనుచితం. న్యాయం హల్లుతో మొదలవుతుంది కాబట్టి ఉత్త "అ" సరిపోయింది. చూడటానికి "అన్" లాగా కనిపించేది న్యాయంలోని న కారమే.

మరి న్యాయం అంటే అసలు ఏంటి? కోర్టేనా?

కోర్టు చాలా తర్వాత వచ్చింది. "ని" అనే ఉపసర్గకి వెళ్ళడం అనే అర్థమున్న ధాతువు కలిస్తే న్యాయం అయింది. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని దీనికి చెప్పిన అర్థం అభ్రేషం, అంటే దారి తప్పకపోవడం, పాణిని సూత్రాలకి పాత వ్యాఖ్యానమైన కాశికావృత్తిలో దానికి ఇచ్చిన వివరణ యథాప్రాప్తకరణం, ఏది ఎలా రావాలో దాన్ని అలాగే జరిపించడం. పైన నేను చెప్పిన "రావాల్సింది రాకపోవడం" నా సొంత తెలివి కాదని ఇప్పుడు మీకు తెలిసిపోయింది, సరే.

తర్వాత ఈ మాట చాలా చోట్లకి పాకింది. గౌతముడి పేరు మీద ఉన్న న్యాయ దర్శనం ఉంది, అది తర్కం, వాదన ఎలా చేయాలి అనే శాస్త్రం, ఆరు దర్శనాల్లో ఒకటి. కాకతాళీయ న్యాయం (కాకి వాలడం, తాటిపండు పడటం ఒకేసారి జరగడం), అంధగజ న్యాయం (గుడ్డివాళ్ళు ఏనుగుని తడిమి చూడటం) లాంటి వాటిలో న్యాయం అంటే పోలిక చెప్పే సూత్రం. న్యాయస్థానం, న్యాయమూర్తి, న్యాయవాది అనేవి మనం కోర్టు చుట్టూ కట్టుకున్న మాటలు. ఇందులో విచిత్రం ఏంటంటే ఎదురు మాటైన అన్యాయం మాత్రం ఈ దారుల్లో ఎటూ వెళ్ళలేదు. తర్కం తప్పితే అన్యాయం అనరు, పోలిక కుదరకపోతే అన్యాయం అనరు. మనిషికి మనిషి చేసే దాని దగ్గరే ఉండిపోయింది.

"నాకు అన్యాయం చేశాడు", "నన్ను అన్యాయం చేశాడు", రెండిట్లో ఏది కరెక్ట్?

రెండూ కరెక్టే, కానీ రెండూ ఒకటి కాదు, అసలు ఈ పేజీ మొత్తంలో నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇదే.

"నాకు అన్యాయం చేశాడు" అంటే నాకు రావాల్సిన ఏదో ఒకటి రాకుండా చేశాడు. అది ప్రమోషన్ కావచ్చు, వాటా కావచ్చు, మాట కావచ్చు. ఆ ఒక్కటీ తిరిగి ఇచ్చేస్తే లెక్క సరిపోతుంది, నేను నేనుగానే ఉన్నాను, నా వస్తువే పోయింది.

"నన్ను అన్యాయం చేశాడు" అంటే పోయింది వస్తువు కాదు, మనిషే. నా బతుకే పాడు చేశాడు అని. "నన్ను అన్యాయం చేసి వెళ్ళిపోయావా" అని ఏడ్చే చోట "నాకు అన్యాయం చేసి వెళ్ళిపోయావా" అని పెట్టి చూడండి, ఏడుపు పోయి కంప్లయింట్ అయిపోతుంది. ఇక్కడ ను అనే చిన్న విభక్తి చేసే పని అంత. ఇదే వరసలో "అన్యాయమైపోయాను", "వాళ్ళు అన్యాయమైపోయారు రా" అనేవి వస్తాయి, వాటిలో కూడా మనిషే చెడిపోయినట్టు లెక్క, తిరిగి ఇవ్వడానికి ఏమీ మిగలనట్టు.

అనువాదం చేసేటప్పుడు ఇది చాలామంది మిస్సవుతారు. నేను కొన్నాళ్ళు సబ్‌టైటిల్స్ పని చేశా, ఈ రెండిటికీ ఒకటే మాట పెట్టి పంపేసిన రోజులున్నాయి, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"అన్యాయం చేశారు" అనాలా, "అన్యాయం జరిగింది" అనాలా?

ఎవరు చేశారో చెప్పే ధైర్యం ఉందా లేదా అన్నదాన్ని బట్టి. చేశారు అంటే చేసినవాడు ఒకడుండాలి, వాక్యంలో పేరు లేకపోయినా "ఎవరు?" అని అడగొచ్చు, మీరు చెప్పాల్సి వస్తుంది. జరిగింది అంటే వాన పడింది అన్నట్టు దానంతట అది జరిగిపోయింది. పేపర్లో, మీటింగుల్లో ఎక్కువగా వినపడేది జరిగిందే. "ఈ వర్గానికి అన్యాయం జరిగింది" అని మైకులో చెప్పే పెద్దాయనే చాలాసార్లు ఆ జరిగినదాంట్లో ఉంటాడు, అందుకే ఆయనకి జరిగింది అనే క్రియ అంత ముద్దు.

అలాగని జరిగింది అనేది దొంగ మాట అని కాదు. నిజంగానే ఎవరు చేశారో తెలియనప్పుడు, లేదా ఏ ఒక్కడూ చేయకుండా రూల్సే అలా ఉన్నప్పుడు అదే సరైన మాట. మూడోది "గురయ్యారు", అన్యాయానికి గురయ్యారు, ఇది రాతలో మాత్రమే, ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు.

"ఇదెక్కడి న్యాయం", "ఇదెక్కడి అన్యాయం", ఎదురు మాటలు కదా, అర్థం ఒకటే ఎలా అయింది?

భలే ప్రశ్న. "ఇదెక్కడి న్యాయం?" అన్నప్పుడు నువ్వు న్యాయం అని చెప్పుకుంటున్నావు కదా, అలాంటి న్యాయం ఏ లోకంలో ఉంది అని అడుగుతున్నాం, ఎక్కడా లేదు అని జవాబు మనకి ముందే తెలుసు. "ఇదెక్కడి అన్యాయం?" అన్నప్పుడు అన్యాయమని ముందే తేల్చేసి, ఇంత అన్యాయం ఎక్కడైనా చూశామా అని ఆశ్చర్యపోతున్నాం. మొదటిది ఎదుటివాడితో వాదన, రెండోది చుట్టూ ఉన్నవాళ్ళతో మొర. అందుకే వాడితో గొడవ పడేటప్పుడు "ఇదేం న్యాయం బాబాయ్?" అంటాం, వాడు వెళ్ళిపోయాక పక్కింటి అక్కతో "ఇదెక్కడి అన్యాయం అక్కా" అంటాం.

అన్యాయం, అక్రమం, అధర్మం, మోసం, ద్రోహం: తేడా ఏంటి?

అక్రమం అంటే రూల్ తప్పడం. పర్మిషన్ లేకుండా కట్టింది అక్రమ కట్టడం, దానివల్ల ఎవరికీ నష్టం లేకపోయినా అక్రమమే. అదే రూల్ ప్రకారమే అన్నీ జరిగి కూడా అన్యాయం కావచ్చు, సంతకాలన్నీ ఉంటాయి, తేదీలన్నీ కరెక్ట్, కానీ రావాల్సినవాడికి రాలేదు. చట్టం భాషలో కూడా ఈ తేడా కనిపిస్తుంది, మనిషిని ఊరికే బంధిస్తే అక్రమ నిర్బంధం అంటారు, అన్యాయ నిర్బంధం అనరు. "అన్యాయాలు అక్రమాలు" అని జంటగా వాడి వాడి రెండూ ఒకటే అనే భ్రమ వచ్చేసింది.

అధర్మం పెద్ద మాట, దాంట్లో బాధపడేవాడు ఉండాల్సిన పనే లేదు, మనిషి తన ధర్మం తప్పితే చాలు. అన్యాయానికి మాత్రం తప్పకుండా ఒక బాధితుడు కావాలి, "ఎవరికి?" అనే ప్రశ్నకి జవాబు లేకపోతే అన్యాయం అనే మాట నిలబడదు.

మోసంలో దాపరికం ఉంటుంది. తెలియకుండా చేస్తే మోసం, కళ్ళ ముందే దర్జాగా చేస్తే అన్యాయం. ద్రోహానికి ముందు నమ్మకం ఉండాలి, ముక్కూ మొహం తెలియనివాడు అన్యాయం చేయగలడు, మోసం చేయగలడు, ద్రోహం మాత్రం చేయలేడు, దానికి మనవాడే కావాలి.

పక్షపాతం, వివక్ష కూడా అన్యాయమే కదా?

అవి అన్యాయానికి దారులు. పక్షపాతం అంటే ఒక పక్షం మీదికి పడిపోవడం, త్రాసు ఒకవైపు వాలినట్టు ఊహించుకోండి. ఇష్టం వల్ల వచ్చేది అది. "ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం" అంటారు చూడండి, అది పక్షపాతం.

వివక్ష కథ వేరు. సంస్కృతంలో వివక్ష అంటే చెప్పాలనే కోరిక, ఒట్టి అంతే! చెప్పదలుచుకున్నది అని. తెలుగులోకి వచ్చేసరికి మనుషుల్ని వేరు చేసి చూడటం అయింది. కుల వివక్ష, లింగ వివక్ష అని గుంపుల విషయంలో వాడతాం. ఇంట్లో చిన్నోడిని ముద్దు చేసి పెద్దోడిని తిట్టే అమ్మది పక్షపాతం, ఆడపిల్ల అని చదువు మాన్పిస్తే వివక్ష. రెండిట్లోనూ దెబ్బ తిన్నవాళ్ళు అనేది ఒకటే, నాకు అన్యాయం చేశారు అని.

అన్‌ఫెయిర్ అనే మాటకి సరిగ్గా సరిపోయే తెలుగు ఏది?

ఒక్కటి లేదు, సందర్భాన్ని బట్టి నాలుగైదు ఉన్నాయి. పిల్లల ఆటలో అయితే అన్యాయం కాదు, తొండి. "తొండి చేస్తున్నావ్ రా, నేను ఆడను పో" అన్నదానికి మించిన అనువాదం ఎవరూ చేయలేరు, తొండాట అనే మాట కూడా అక్కడిదే. పరీక్షలోనో ఇంటర్వ్యూలోనో ఒకళ్ళని వెనకేసుకొస్తే పక్షపాతం. అడ్డగోలు రేటు అయితే అన్యాయం, దోపిడీ. వ్యాపారంలో, ఒప్పందాల్లో అయితే చట్టాల తెలుగులో అనుచితం అని వాడతారు, అనుచిత వ్యాపార పద్ధతులు అని. ఇక్కడ ఒక తమాషా ఉంది, ఉచితం అంటే అసలు అర్థం తగినది అని, మనం దాన్ని ఫ్రీ కింద మార్చేశాం, అందుకే అనుచితం అనగానే కొంతమంది "ఫ్రీ కాదా?" అని చూస్తారు.

ఫెయిర్ అనే మాట విషయంలో మన తెలుగువాళ్ళు చేసిన ఒక పని నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది. రేషన్ షాపుని ఇంగ్లీషులో ఫెయిర్ ప్రైస్ షాప్ అంటారు. కన్నడం వాళ్ళు దాన్ని న్యాయబెలె అంగడి అన్నారు, తమిళులు నియాయ విలై కడై అన్నారు, ఇద్దరూ న్యాయాన్ని పట్టుకున్నారు. మనం మాత్రం చౌక ధరల దుకాణం అన్నాం. న్యాయం సంగతి తర్వాత, ముందు చవకా కాదా చెప్పు అన్నట్టు!

చిన్న చిన్న వాటికి కూడా అన్యాయం అనొచ్చా? అతిగా ఉండదా?

ఉంటుంది, ఆ అతే ఆ వాడుకకి అందం. "నన్ను పిలవకుండా సినిమాకి వెళ్ళారా, మరీ అన్యాయం గురూ" అన్నప్పుడు ఎవరూ కోర్టుకి వెళ్ళరు, నవ్వుతూ సారీ చెప్తారు. మరీ అనే మాట ముందు తగిలిందంటే చాలావరకు సరదా అని గుర్తు. తమిళంలో కూడా ఇలాగే ఉంది, అనియాయత్తుక్కు అంటే విపరీతంగా, మరీ ఎక్కువగా అని, అనియాయత్తుక్కు మంచివాడు అని కూడా అంటారు, మంచితనం కూడా హద్దు దాటితే అన్యాయమే అన్నట్టు.

తెలుగులో "అన్యాయంగా"కి ఇంకో రెండు అర్థాలు ఉన్నాయి, అవి డిక్షనరీ చూసి నేర్చుకునేవాళ్ళకి దొరకవు. ఒకటి, ఊరికే, దండగగా: "బుక్ చేసి వెళ్ళలేదు, అన్యాయంగా టికెట్ డబ్బులు పోయాయి." ఇక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ చేయలేదు. రెండు, ఏ తప్పూ లేకుండా: "అన్యాయంగా పోయాడు పాపం", అంటే ఇంకా బతకాల్సినవాడు, వాడి వైపు ఏ పొరపాటూ లేదు, పోవాల్సిన టైం కాదు. దీన్ని "అతను అన్యాయమైన పద్ధతిలో మరణించాడు" అని అనువాదం చేసినవాళ్ళని నేను చూశా. రెండిట్లోనూ మళ్ళీ అదే లెక్క చూడండి, పోకూడనిది పోయింది.

తప్పు లేకుండా అనే అర్థంలోనే "అన్యాయంగా ఇరికించారు", "అన్యాయంగా మాట పడ్డాను" అనేవి కూడా.

భూములు అన్యాక్రాంతం అయ్యాయి అంటారు, అది అన్యాయంగా ఆక్రమించడమేనా?

కాదు. చాలామంది అలాగే అనుకుంటారు, న్యూస్ చదివేటప్పుడు అర్థం కూడా అలాగే సరిపోతుంది కాబట్టి తప్పు బయటపడదు. అది అన్య + ఆక్రాంతం. అన్య అంటే వేరే, ఇతర. వేరేవాళ్ళ చేతుల్లోకి పోయింది అని. అన్యమనస్కం, అన్యదేశ్యం లాంటి వాటిలో ఉన్నది ఆ అన్యే. న్యాయానికీ దానికీ సంబంధం లేదు.

అన్వయం అనేది ఇంకో మాట, వాక్యంలో పదాల్ని కలిపి అర్థం చెప్పుకోవడం. తొందరగా టైప్ చేస్తే అన్యాయం అన్వయం అవుతుంది, జాగ్రత్త.

సంస్కృతం కాకుండా అచ్చ తెలుగు మాట ఏదైనా ఉందా?

ఉంది, ఉండేది, మనమే పాడు చేసుకున్నాం. తగవు. తగు అంటే తగినది కదా, తగవు అంటే ఒకప్పుడు న్యాయం! పాత నిఘంటువుల్లో ఆ అర్థం కనిపిస్తుంది. తగవరి అంటే న్యాయం తప్పనివాడు. తగవు చెప్పడం అంటే తీర్పు చెప్పడం. న్యాయం కోసం జనం పోయేది గొడవ ఉన్నప్పుడే కాబట్టి మెల్లగా ఆ గొడవకే తగవు అనే పేరు అంటుకుపోయింది, ఇప్పుడు తగవు అంటే కొట్లాట. "తగవు తీర్చారు" అంటాం ఇంకా, కానీ అందులో తీరింది గొడవ అనుకుంటున్నాం. "ఇది నీకు తగునా?", "తగని పని" అనే మాటల్లో మాత్రం పాత అర్థం ఇంకా ఊపిరి పీలుస్తోంది.

పాడి ఇంకోటి. పాలిచ్చే పాడి కాదు, ధర్మం, న్యాయం అనే అర్థం ఉన్న పాడి. "ఇది పాడి కాదు" అంటే ఇది న్యాయం కాదు. ఇప్పుడు అంటే గేదెల గురించి అనుకుంటారు.

ఇక అన్నెం. "అన్నెం పున్నెం ఎరుగని పసివాడు" అంటాం కదా, పున్నెం అంటే పుణ్యం అని అందరికీ తెలుసు, అన్నెం అంటే ఏంటి అని అడిగితే అన్నం అంటారు కొంతమంది. అది అన్యాయం అనే మాటే, జనం నోట్లో నలిగి నలిగి అన్నెం అయింది. అంటే అన్యాయమూ తెలియదు, పుణ్యమూ తెలియదు, రెండూ తెలియని వయసు అని. ఇలా చూస్తే అన్యాయానికి తద్భవం ఆ ఒక్క జంటలోనే దాక్కుని బతికేసింది.

తెలంగాణలో అన్యాలం అంటారు, అది వేరే మాటా?

అదే మాట, పలుకు వేరు. "అన్యాలం జేసిండ్రు", "పోరడు అన్యాలమైండు" అంటే పైన చెప్పిన అర్థాలే. దాని పక్కనే ఆగం అనే మాట ఉంటుంది, "నన్ను ఆగం జేసిండు". ఆగం ఇంకొంచెం ఎక్కువ, దాంట్లో చెల్లాచెదురైపోవడం, దిక్కు తోచకపోవడం కూడా ఉంది, అన్యాలంలో చేసినవాడి మీద వేలు ఉంటుంది. కొన్నిచోట్ల య వత్తు జారిపోయి అన్నాయం అని కూడా వినిపిస్తుంది. వీటిని తప్పు అని దిద్దేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ సంగతి వదిలేయండి. అన్నెం అని రాస్తే సాహిత్యం, అన్యాలం అంటే తప్పు అనడం ఏం న్యాయం?

పక్క భాషల్లో కూడా ఇదే అర్థమా?

కన్నడం, మరాఠీ, హిందీలో దాదాపు ఇదే. మలయాళంలో మాత్రం జాగ్రత్త. అక్కడ అన్యాయం అంటే కోర్టులో వేసే దావా కూడా, అన్యాయక్కారన్ అంటే అన్యాయం చేసినవాడు కాదు, కేసు వేసినవాడు, మన భాషలో వాది! నాకు అన్యాయం జరిగింది అని రాసిచ్చే కాగితానికే అన్యాయం అనే పేరు వచ్చేసింది. మన తగవు న్యాయం నుంచి గొడవలోకి జారింది, వాళ్ళ అన్యాయం బాధ నుంచి కాగితంలోకి ఎక్కింది. మనం వెళ్ళి అక్కడ ఒక పెద్దమనిషిని అన్యాయక్కారన్ అని తిడితే ఆయన "అవును, ఏ కోర్టులో?" అంటాడేమో.

ఉర్దూ నుంచి వచ్చిన జులుం కూడా ఇలాంటిదే. అరబీ మూలంలో జుల్మ్ అంటే అన్యాయమే. తెలుగులో జులుం అంటే దబాయింపు, పెత్తనం, బలం చూపించడం. జులుం చేసేవాడు ఎదురుగా ఉండి గట్టిగా అరుస్తుంటాడు, అన్యాయం చేసేవాడు నవ్వుతూ కూడా చేయొచ్చు.

మత్స్య న్యాయం అంటారు, పెద్ద చేప చిన్న చేపని మింగడం న్యాయం ఎలా అవుతుంది?

అక్కడ న్యాయం అంటే మంచి అని కాదు, తీరు అని. చేపల తీరు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో చెప్పేది కూడా అదే, దండించేవాడు లేకపోతే మత్స్య న్యాయం వస్తుంది, బలవంతుడు బలహీనుణ్ణి మింగేస్తాడు అని. అంటే పచ్చి అన్యాయానికి పెట్టిన పేరులో న్యాయం ఉంది. పరీక్షల్లో దీన్ని "చేపలకి జరిగే న్యాయం" అని రాసిన పిల్లాడికి నేనైతే సగం మార్కులు వేస్తా.

అన్యాయం ఎంత పెద్దదో చెప్పడానికి ముందు ఏం పెట్టాలి?

మాటల్లో అయితే పచ్చి అన్యాయం. పచ్చి అబద్ధం, పచ్చి మోసంలో ఉన్న పచ్చే, ఏ ముసుగూ లేకుండా అని. రాతలో ఘోరమైన అన్యాయం, తీరని అన్యాయం. తీరని అంటే ఇక సరిచేయలేనిది, కాబట్టి రేపు సరిచేయమని అడగబోయే అర్జీలో తీరని అన్యాయం అని రాయకండి, తీరదని మీరే ఒప్పుకున్నట్టు ఉంటుంది.

అర్జీలో, ఫిర్యాదులో ఈ మాట ఎలా వాడాలి?

తక్కువ వాడండి. "నాకు చాలా అన్యాయం జరిగింది, న్యాయం చేయగలరు" అని పేజీ నిండా రాస్తే చదివే ఆఫీసర్‌కి ఏం చేయాలో అర్థం కాదు, ఎందుకంటే ప్రతి అర్జీలోనూ అదే ఉంటుంది. ఏది రావాలి, ఏ తేదీకి రావాలి, ఏ రూల్ ప్రకారం రావాలి, ఎవరు ఆపారు, ఈ నాలుగూ రాసి చివర్లో ఒక్కసారి అన్యాయం అనండి, అప్పుడు దానికి బరువు ఉంటుంది. ఇందాక చెప్పిన చేశారు, జరిగింది తేడా ఇక్కడ పనికొస్తుంది, పేరు తెలిస్తే చేశారు అనే రాయండి.

మీ మాట వినకుండా, మీకు నోటీసు ఇవ్వకుండా మీ మీద చర్య తీసుకుంటే దానికి ప్రత్యేకంగా మాట ఉంది, సహజ న్యాయ సూత్రాల ఉల్లంఘన. ఆ సూత్రాలు ముఖ్యంగా రెండు: రెండో పక్షం మాట వినాలి, ఎవరి కేసులో వాళ్ళే జడ్జి కాకూడదు. ఉత్త అన్యాయం అనేకంటే ఇది రాస్తే చదివేవాడు కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చుంటాడు.

ఏదైనా కంపెనీతో ఒప్పందంలో దెబ్బ తింటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో అన్‌ఫెయిర్ కాంట్రాక్ట్ అంటే ఏంటో నిర్వచనమే ఇచ్చారు: మరీ ఎక్కువ సెక్యూరిటీ డిపాజిట్ అడగడం, ఒప్పందం తప్పితే జరిగిన నష్టానికి పొంతన లేని పెనాల్టీ వేయడం, అప్పు ముందే తీర్చేస్తానంటే తీసుకోకపోవడం, సరైన కారణం లేకుండా ఒకవైపు నుంచే రద్దు చేసుకోవడం లాంటివి. ఈ కాంట్రాక్టుల కేసు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయరు, రాష్ట్ర కమిషన్‌కో జాతీయ కమిషన్‌కో వెళ్ళాలి. చాలామంది జిల్లాకి వెళ్ళి తిరిగొస్తారు.

"పాత్రకి న్యాయం చేశాడు" అనడం తప్పా?

తప్పని చెప్పను, ఇంగ్లీషు నుంచి దిగిన వాడుక, రివ్యూల్లో పాతుకుపోయింది. నాకు మాత్రం వినగానే పాత్ర ఎవరి మీదో కేసు వేసినట్టు అనిపిస్తుంది. "బాగా చేశాడు", "ఆ పాత్రలో ఒదిగిపోయాడు" అంటే పోయేది ఏముంది. దీని పిల్ల ఒకటి పుట్టింది, "ఎడిటింగ్ కథకి అన్యాయం చేసింది" అని. అది కొంచెం నయం, కథకి రావాల్సింది రాలేదు అనే లెక్క అందులో ఉంది కదా.

ఈ మాట లేకుండా అన్యాయాన్ని చెప్పే సామెతలు ఉన్నాయా?

బోలెడు. బాగా చెప్పేవి అన్నీ ఆ మాట లేనివే. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ: తప్పు ఒకటే, తూకం రెండు. సొమ్మొకడిది సోకొకడిది. కొట్టి మొగసాల కెక్కినట్టు, అంటే కొట్టినవాడే ముందు పరిగెత్తుకెళ్ళి ఫిర్యాదు చేయడం, మొగసాల అంటే పెద్దల గడప అనుకోండి. కంచే చేను మేసింది అనేది కాపలావాడి అన్యాయం. నోటి దగ్గర కూడు లాక్కున్నారు, పొట్ట కొట్టారు, నోట్లో మట్టి కొట్టారు అనేవి బతుకుతెరువు మీద పడ్డ దెబ్బలు, వీటిల్లో పొట్ట కొట్టారు అనేది ఉద్యోగం పోయినప్పుడు, నోట్లో మట్టి అనేది చేతికి వచ్చినట్టే వచ్చి పోయినప్పుడు ఎక్కువ వాడతారు.

విభక్తులు, స్పెల్లింగ్ ఒకసారి చెప్తారా?

అన్యాయం, అన్యాయాలు, అన్యాయాన్ని, అన్యాయానికి, అన్యాయంతో. విశేషణం కావాలంటే అన్యాయమైన, పాత రాతల్లో అన్యాయపు, తెలుగు బైబిల్ చదివేవాళ్ళకి అన్యాయపు సిరి అనే మాట తెలిసే ఉంటుంది. చేసేవాణ్ణి అన్యాయస్థుడు అనడం కూడా అక్కడే ఎక్కువ, మామూలు మాటల్లో దుర్మార్గుడు అనేస్తాం. న కింద య వత్తు, దానికి దీర్ఘం, చివర సున్నా. అన్యాయ్యం అని రెండో య కింద ఇంకో వత్తు పెట్టకండి.

ఒక్క "అన్యాయం" అని వదిలేస్తే వాక్యం పూర్తయినట్టేనా?

పూర్తయినట్టే, తెలుగులో క్రియ లేకుండా వాక్యం హాయిగా నిలబడుతుంది. కానీ దాని తోక చూసి ఎవరితో అంటున్నారో చెప్పేయొచ్చు. అన్యాయం రా అంటే ఫ్రెండ్, అన్యాయం కదా అత్తా అంటే తన వైపు లాక్కోవాలని, అన్యాయం అంటున్నా అంటే ఇక గొడవకి రెడీ. అన్యాయమండీ అని కాస్త సాగదీసి అన్నారంటే చాలాసేపు కౌంటర్ ముందు నిలబడి ఉంటారు, లోపలివాళ్ళు లంచ్‌కి లేచి ఉంటారు.